బొట్టు పెట్టిన బెల్టు

ఆ రోజుల్లో కలకత్తా ఓడరేవులో, ఖిదిర్‌పూర్ డాకుల్లో మనిషి క్రేను మీంచి కిందకి రావడానికి రెండు దారులుండేవి. ఒకటి నిచ్చెన. రెండో దారిలో వచ్చినవాళ్ళ గురించి గేటు దగ్గర కాసేపు మీటింగు జరిగేది, జెండాలు ఎగిరేవి, మధ్యాహ్నానికల్లా పని మళ్ళీ మొదలయ్యేది. ఇప్పుడు నేను ఊరూరా తిరిగి, పెద్ద పెద్ద హాళ్ళలో తెరమీద రంగుబొమ్మలు చూపిస్తూ, పనిచోట భద్రత అనేది కార్మికుడి మనసులోనూ యాజమాన్యం మనసులోనూ ఉండాలి తప్ప గోడమీది బోర్డులో ఉంటే చాలదని ఉపన్యాసాలిస్తుంటాను. శ్రోతలు శ్రద్ధగా వింటారు (భోజనాలు ఆ తరవాతే కాబట్టి). ఎవరైనా లేచి ఈ విద్య ఎక్కడ నేర్చారని అడిగితే మాత్రం ఏదో సంస్థ పేరు చెప్పి తప్పించుకుంటాను. నిజానికి నేర్చుకున్నది కలకత్తాలో, విశ్వకర్మ పూజ దగ్గర. అది హాల్లో చెప్పే సంగతి కాదు. ఇక్కడ ఫరవాలేదు.

బీఎస్సీ పాసయ్యాక, నా చదువుకి తగ్గ ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో లేదని రూఢి చేసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ఆ పని పూర్తికాగానే మా అమ్మ నన్ను హౌరా రైలెక్కించి తన తమ్ముడి దగ్గరికి పంపింది. మా మావ, ఓడలకీ క్రేన్లకీ మరమ్మతులు చేసే ఒక కంపెనీలో (పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు కూడా) ఎత్తుల మీదెక్కి పనులు చేసే ముఠాకి సర్దారు. ముఠాలో సగంమంది మా వైపువాళ్ళు, సగంమంది బెంగాలీ వెల్డర్లు. నీళ్ళమీదికి చాచి ఉండే క్రేను చెయ్యి ఉంటుంది చూశారూ, ఆ పొడుగాటి ఇనుప దూలం మీద మావ చెవిలో బీడీ, భుజాన గ్రీజుడబ్బాతో పొలంగట్టు మీద నడిచినట్టు నడిచేవాడు. ఆయన మాట మీదే కంపెనీ నన్ను సేఫ్టీ అసిస్టెంటుగా తీసుకుంది. ఆ పోస్టు పుట్టుక కూడా విచిత్రమే. అంతకుముందొకసారి ప్రభుత్వం ఇన్‌స్పెక్టరు వచ్చి, మీలో సేఫ్టీ చూసేదెవరని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదట. ఇకమీదట ఎత్తడానికి ఒక చెయ్యి కావలసివచ్చింది. నాకు రెండున్నాయి.

కంపెనీ మేనేజరుకి ముఠావాళ్ళు పెట్టుకున్న పేరు హోబే సాహెబు. ఏది అడిగినా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "హోబే, హోబే" అనేవారు. బెంగాలీలో హోబే అంటే అవుతుంది అని అర్థం. ఎప్పుడవుతుందన్నది ఆ మాటలో ఉండదు, ఆయన మొహంలోనూ ఉండదు. యూనియన్ నాయకుడు లాల్‌దా (దా అంటే అన్న, లాల్ అంటే ఎరుపు; అలా ఎందుకన్నారో ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో ఎవరూ అడగరు) ఏది చెప్పినా "చోల్‌బే నా" అనేవాడు. అంటే కుదరదు అని. ఈ హోబేకీ ఆ చోల్‌బేనాకీ మధ్య కంపెనీ ఏళ్ళ తరబడి హాయిగా నడిచిపోతోంది. స్టోరులో సేఫ్టీ బెల్టులు లేకపోలేదు. ఇన్‌స్పెక్టరుకి చూపించడానికి కొన్నవి, ప్లాస్టిక్ తొడుగుల్లో నిగనిగలాడుతుండేవి. నడుముకొక పట్టా, భుజాల మీదుగా రెండు, తొడల కిందుగా రెండు, వెనకాల ఒక తాడు, తాడు చివర కొక్కెం. వాటిని బయటికి తీద్దామంటే హోబే సాహెబు, వాళ్ళెలాగూ వేసుకోరు కదా, ఇచ్చి ఏం లాభం అనేవారు. వేసుకోండయ్యా అంటే లాల్‌దా, వాళ్ళెలాగూ ఇవ్వరు కదా, వేసుకుంటామని ఒప్పుకుని ఏం లాభం అనేవాడు. ఇద్దరి మాటల్లోనూ తప్పు పట్టడానికేం లేదు. హెల్మెట్లు మాత్రం ఎలాగో స్టోరు దాటి బయటపడ్డాయి. బోర్లించి కూచుని పేకాడుకోవడానికి వాటి ఎత్తు సరిగ్గా సరిపోయేది.

ఉద్యోగధర్మంగా మావని అడిగాను, బెల్టు తెప్పిస్తే కట్టుకుంటావా అని.

"బెల్టు కట్టుకుంటే ఒళ్ళు పడిపోడానికి సిద్ధవైపోద్దిరా అల్లుడూ," అన్నాడు మావ. "నాను పడనని నా ఒంటికి తెలుసు. ఇప్పుడు బెల్టు కట్టీసి దానికి లేనిపోని డౌటు ఎట్టమంటావేటి?"

బీఎస్సీలో ఈ సూత్రం మాకు చెప్పలేదు. అందుకని ఊరుకున్నాను.

ఊరుకోనిది మా అత్త. డాకు కూలీల క్వార్టర్లలో మాదొక గది, ఒక వరండా. పక్కగదిలో ఉండేవాడు మావ ముఠావాడే. అంతకుముందు వానాకాలంలో రెండో దారిన కిందకొచ్చి, నడుం విరిగి మంచం పట్టాడు. మేం అన్నాలు తింటున్నప్పుడు గోడ అవతల ఆయన భార్య ఆయన్ని పక్కకి తిప్పుతున్న చప్పుడు వినబడేది. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా అత్త చేతిలో గరిటె ఆగిపోయేది. మావ వినబడనట్టు పులుసు జుర్రుకునేవాడు. ఒక ఆదివారం ఆ గరిటె ఆగి, నా కంచం దాకా వచ్చి, వెనక్కి పోయింది.

"నీది సేప్టీ ఉద్యోగం అన్నారు. ఎవుల సేప్టీరా అది? కుర్చీదా?" అంది అత్త. "నువ్వేటి సేసుకుంటావో నాకు తెల్దు. మీ మావ నడుంకి ఆ బెల్టు కట్టీవరకూ ఈ ఇంట్లో నీకు సేపముక్క నేదు."

చెప్పిందంటే చేసే మనిషి. ఆనాటినుంచీ నా కంచంలో అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. (ఇంటిల్లిపాదీ ఇలస చేప తింటుంటే ఎదురుగా కూచుని ఉల్లిపాయ నమలడం ఎలా ఉంటుందో బెంగాల్లో బతికినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.) నేను అప్పుడప్పుడూ ఉపన్యాసాల్లో నా కృషికి ప్రేరణ గురించి చెబుతుంటాను. అది ఇదే.

భాద్రపదం వచ్చింది. కలకత్తాలో విశ్వకర్మ పూజంటే మామూలు సంబరం కాదు. రిక్షా స్టాండు నుంచి రైల్వే షెడ్డు దాకా ఇనుము తగిలే చోటల్లా ఏనుగు మీద కూచున్న దేవుడు వెలుస్తాడు. మేడలమీద గాలిపటాలు, మైకుల్లో పాటలు, మధ్యాహ్నం కిచిడీ. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, దేవుడి ముందు పేర్చి, బొట్టు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తారు. మర్నాడు ప్రతివాడూ తన పానానో సుత్తినో కళ్ళకద్దుకుని పనిలోకి దిగుతాడు. నిన్నటిదాకా మూలకి గిరాటేసిన పానాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. అదిగో, ఆ సంగతి ముఠావాళ్ళు చెప్పగా విన్నాక నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. (నాకు మెరుపులాంటి ఆలోచనలు వచ్చినప్పుడల్లా తరవాత ఉరుము కూడా వస్తుందని అప్పటికింకా తెలీదు.) హెల్మెట్లూ బెల్టులూ కూడా పూజలో పెడితే వాటికీ ఆ గౌరవం దక్కదూ?

పూజా కమిటీకి అధ్యక్షుడు హోబే సాహెబు, కార్యదర్శి లాల్‌దా. దేవుడున్నాడని లాల్‌దా పార్టీ ఒప్పుకోదు. అదేమిటి దాదా అంటే, పార్టీ వేరు, పూజ వేరు, ఇది శ్రమకి పండగ అని చెప్పి చందా రసీదు చించి చేతిలో పెట్టేవాడు. సంవత్సరం పొడుగునా ఎడమొహం పెడమొహంగా ఉండే ఆ ఇద్దరూ ఈ ఒక్క కమిటీలోనే ఒక బల్లమీద కూచుని ఒక ప్లేటులో సందేష్ మిఠాయి తినేవారు. అక్కడ ఏది అడిగినా క్షణాల్లో మంజూరు. నేనడిగాను. మంజూరైంది. స్టోరు తాళం తీశారు, ప్లాస్టిక్ తొడుగులు చింపారు. బూట్లు కూడా పెడదామా అని పూజారిగారే అడిగితే, తోలు వస్తువు దేవుడి ముందు పెట్టకూడదని నేనే అభ్యంతరం చెప్పాను. అంత ముందుచూపు కలవాణ్ణి. పూజారిగారు ఒక్కొక్క బెల్టుకీ సిందూరం పెట్టారు. ముఠా మొత్తం దణ్ణం పెట్టుకుంది. మావ రెండుసార్లు పెట్టుకున్నాడు.

ఫలితం మర్నాడే కనబడింది. హెల్మెట్ల మీద కూచునేవాడు లేడు. కింద పెట్టడం తప్పు కాబట్టి అందరూ నెత్తిమీదే పెట్టుకున్నారు. నేను షెడ్డు వరండాలో నించుని, ఇవాళ నా కంచంలోకి ఏ చేప వస్తుందా అని ఆలోచిస్తున్నాను. అంతలో మావ బెల్టు దగ్గరికి వచ్చాడు. భక్తిగా తీశాడు. కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ మేకుకి తగిలించాడు. గ్రీజుడబ్బా భుజాన వేసుకుని ఎప్పట్లాగే క్రేనెక్కాడు. వెనకాలే ముఠా అంతా వరసగా వచ్చి, కళ్ళకద్దుకుని, తగిలించి, ఎక్కింది.

దిగాక మావని పట్టుకుని ఇదేమిటన్నాను. మావ నావైపు జాలిగా చూశాడు.

"దేవుడి కాడ ఎట్టిన దాన్ని తొడల సందులోంచి తీసి కట్టుకోమంటావేటిరా? సదువుకున్నోడివి. ఆమాత్రం తెల్దేటి?"

తెలీదని ఒప్పుకోక తప్పలేదు. బూట్ల విషయంలో అంత దూరం ఆలోచించినవాణ్ణి, తొడల విషయం ఆలోచించలేదు. నిన్నటిదాకా వాళ్ళు బెల్టులు కట్టుకోనిది అశ్రద్ధ వల్ల. ఇప్పుడు భక్తి వల్ల. అశ్రద్ధని మందలించొచ్చు. భక్తిని ఏం చేస్తాం? హోబే సాహెబు మాత్రం నన్ను పిలిచి భుజం తట్టారు. చూశావా, ఇప్పుడు వాటికి ఎంత మర్యాదో అన్నారు. బెల్టులు అరగవు, చిరగవు, మాయవు; పైగా ఇకమీదట అవి అందరికీ కనబడేలా అద్దాల బీరువాలో ఉంటాయి, ముందు అగరొత్తులు వెలుగుతుంటాయి. ఏ మేనేజరుకి ఇంతకంటే ఏం కావాలి? పూజ చెయ్యని కొత్త బెల్టులు కొందామన్నాను. ఉన్నవే కొత్తగా ఉన్నాయి కదా అని కళ్ళజోడు తీశారు. "హోబే, హోబే." లాల్‌దా దగ్గరికి వెళితే, కార్మికుల మనోభావాలతో చెలగాటం చోల్‌బే నా అన్నాడు. పార్టీ వేరు, మనోభావాలు వేరు.

ఆ సాయంత్రం జరిగిందంతా అత్తకి చెప్పాను. వరండాలో బియ్యం ఏరుతూ విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బియ్యంలోంచి రాయి తీసి బయటికి విసిరింది.

"మాల ఏసుకున్నోలు దేవుడి వస్తువు ఒంటిమీద ఏసుకోరేటి?" అంది. "నియమం ఉంటే తప్పు నేదు. తానం సెయ్యాల, నీసు ముట్టకూడదు, మందు ముట్టకూడదు. పట్టా కాలికి తగలకండా పసుపు గుడ్డ సుట్టుకోమను. తప్పేటుంది అందల?"

నీసు అంటూ మాట్లాడినా ఆవిడ చూపు మందు మీద ఉందని నాకు తరవాత అర్థమైంది. (బంగ్లా అంటారక్కడ నాటుసారాని. భాషకీ సారాకీ ఒకే పేరు పెట్టుకున్న జాతి అది. రెండింటి మీదా సమానమైన అభిమానం.) ఆ రాత్రి తెల్లవారేలోగా ఈ నియమం క్వార్టర్లలో ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. పాత చీరలు చింపి, పసుపులో ముంచి, ఆరేశారు. ఒక్క ఇంట్లోంచి వచ్చిన సలహా అయితే మగవాళ్ళు కొట్టిపారేసేవారే. అన్ని ఇళ్ళమీదా ఒకేసారి పసుపు గుడ్డలు ఎగిరేసరికి అది శాస్త్రమైపోయింది. ముఠా తలమీంచి స్నానం చేసి, తొడపట్టాలకి పసుపు గుడ్డలు చుట్టి, బెల్టులు కట్టి క్రేనెక్కింది. నీసు దగ్గర మాత్రం కొంత పేచీ వచ్చింది. చేప నీసు కిందకి రాదని బెంగాలీ వెల్డర్లు గట్టిగా వాదించారు. వాళ్ళకి చేప మినహాయింపు ఇచ్చారు. అది చూసి మావాళ్ళు కూడా చేప వరకూ బెంగాలీలైపోయారు.

ఇక నా కంచంలోకి చేపముక్క వస్తుందనుకున్నాను. అత్త ఆగమంది. ఎందుకు ఆగమందో వారం తిరక్కుండానే తెలిసింది. మావ చాలా నిజాయితీపరుడు. సాయంత్రం బంగ్లా పుచ్చుకుంటే మర్నాడు పొద్దున్న బీరువా దగ్గరికి వచ్చి, దూరం నుంచే దణ్ణం పెట్టి, "నిన్న ముట్టాను. ఇయ్యాల దీన్ని ముట్టకూడదు" అని చెప్పి, బెల్టు లేకుండా క్రేనెక్కేసేవాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు. ఆ విధంగా, కాళ్ళు స్థిరంగా ఉన్నవాళ్ళకి బెల్టులుండేవి, తూలేవాళ్ళకి ఉండేవి కావు. ప్రపంచంలో ఏ కంపెనీలోనూ ఇంత కచ్చితంగా తలకిందులైన భద్రతా విధానం అమలు కాలేదని ఇప్పుడు నా అనుభవం మీద చెప్పగలను. నేను కింద నించుని పైకి చూస్తూ, ఆ పక్కగది చప్పుడు గుర్తొచ్చి, మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినేవాణ్ణి కాదు (ఉల్లిపాయే అయినా).

బెల్టు కట్టనివాడు క్రేనెక్కకూడదని ఒక రూలు పెట్టమని హోబే సాహెబుని అడిగాను. యూనియన్ ఒప్పుకోదు అన్నారు. లాల్‌దాని అడిగాను. యాజమాన్యం రూలైతే చోల్‌బే నా అన్నాడు. అప్పుడు రెండో మెరుపు వచ్చింది. ఇద్దరూ కలిసి కూచుని సందేష్ తినే చోటు ఒకటుంది కదా. పూజ లెక్కలు చూసుకునే మీటింగులో, లాల్‌దా రెండో సందేష్ అందుకునే సమయం చూసి, దేవుడి బెల్టు ముట్టడానికి పనికిరాని మనిషి దేవుడి క్రేను మాత్రం ఎలా ముట్టుకుంటాడు దాదా, పూజ రోజున క్రేనుకీ బొట్టు పెట్టాం కదా అన్నాను. లాల్‌దా ఆలోచించాడు. సాహెబు వైపు చూశాడు. సాహెబు కళ్ళజోడు తియ్యబోయి ఆగారు. "ఎటా ఠిక్ కొథా" అన్నాడు లాల్‌దా, మాట సరిగ్గానే ఉంది అని. ఆ కంపెనీ చరిత్రలో మొట్టమొదటి భద్రతా నిబంధన విశ్వకర్మ పూజా కమిటీ తీర్మానంగా, ఏకగ్రీవంగా నెగ్గింది.

మర్నాడే దెబ్బ తగిలింది మావకి. అంతకుముందు సాయంత్రం ముట్టాడు. సర్దారు కింద, ముఠా పైన. షెడ్డులో నా బల్ల పక్కన ఒక పెట్టెమీద కూచోబెట్టి, మరలూ బోల్టులూ ఏరమన్నారు. జీవితంలో ఆయన క్రేను చేతిని కిందనుంచి అంతసేపు చూసి ఉండడు. పైనుంచి ఎవడో, "సర్దారూ, నేల ఎలగున్నాది?" అని అరిచాడు. మావ బోల్టులు ఏరుతూనే, నావైపు చూడకుండా, "ఈ బెంగాల్లో గవర్నమెంటు పడిపోయినా పడిపోద్ది గానీ నాను పడను. నన్ను కింద కూకోబెట్టినావు" అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఉప్పు కావాలన్నా అత్త ద్వారా అడిగేవాడు. కానీ ఇంకో రెండు మూడుసార్లు నా పక్కన కూచున్నాక, పనిదినాల్లో బంగ్లా మానేశాడు. భద్రత కోసం కాదు. నా మొహం చూస్తూ కూచోలేక.

దసరా దాటాక ఒక పొద్దున్న సన్నగా జల్లు పడి ఆగింది. క్రేను చెయ్యి మీద తడి, తడి మీద గ్రీజు. మావ బెల్టు కట్టి, కొక్కెం తగిలించి (కమిటీ తీర్మానంలో కొక్కెం మాట కూడా ఉంది, అది నేను చేర్చిందే) దూలం చివరి దాకా నడిచాడు. నేను కిందే ఉన్నాను. ఆయన కాలు జారడం చూశాను. గ్రీజుడబ్బా ముందు వచ్చి రేవులో నీళ్ళలో పడింది. మావ రాలేదు. తాడు ఒక్కసారి బిగిసి, మావ దూలం కింద గాలిలో, కాళ్ళకి పసుపు గుడ్డలతో, మెల్లగా ఇటూ అటూ తిరుగుతూ ఆగాడు. కాసేపటికి పైనుంచి మావ గొంతు వినబడింది. చాలా రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట.

"అల్లుడూ. మీ అత్తకి సెప్పకు."

దింపారు. మావ నేలమీద కాసేపు కూచున్నాడు. చెవిలో బీడీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. అది పడలేదు. ముఠా ఆ బెల్టుకి కొబ్బరికాయ కొట్టింది. లాల్‌దా గేటు దగ్గర మీటింగు పెట్టి, ఇది కార్మిక పోరాట విజయం అన్నాడు. హోబే సాహెబు పై ఆఫీసుకి రాసిన ఉత్తరంలో, యాజమాన్యం ముందుచూపుతో కొన్న బెల్టులూ, తొడలు ఒరుసుకోకుండా ప్రత్యేకంగా అమర్చిన మెత్తని పసుపు రంగు తొడుగులూ ఉన్నాయి. పూజారిగారికి పంచె పెట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అది చాలనుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళాం. మావ ఏమీ జరగనట్టు కాళ్ళు కడుక్కున్నాడు. నేనూ ఏమీ జరగనట్టే కూచున్నాను. అత్త కంచాలు పెట్టింది. గోడ అవతల చప్పుడైంది. గరిటె ఆగింది. తరవాత కదిలి, నా కంచంలోకి వచ్చింది. చూద్దును కదా, చేప తలకాయ. (ఆ ఊళ్ళో తలకాయ అల్లుళ్ళకి వేస్తారు.) అత్త మొహం అటు తిప్పుకుని పొయ్యి ఊదుతోంది. పొయ్యిలో మంట బాగానే ఉంది.

ఒకసారి మనిషిని పట్టి ఆపిన బెల్టుని మళ్ళీ వాడకూడదు, పారెయ్యాలి. అది నిజంగానే నిబంధన. సాహెబు దానికీ హోబే అన్నారు గానీ, పూజ చేసిన వస్తువు పారేస్తే ఊరుకోమని ముఠా అంది. చివరికి అత్త దాన్ని ఇంటికి తెమ్మంది. దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించింది. దాని ఎదురుగా మావ ఏనాడూ బంగ్లా ముట్టలేదు. ఎదురుగా, అన్నాను.

మొన్న ఏదో ఉపన్యాసానికి కలకత్తా వెళ్ళి, పని కాగానే ఖిదిర్‌పూర్ వెళ్ళాను. మావ రిటైరై చాలా ఏళ్ళయింది. నడక తడబడుతోంది. బెల్టు ఇంకా మేకుకే ఉంది. కుట్లు వదిలి, కొక్కెం తుప్పుపట్టి, బొట్టు మాత్రం తాజాగా. ఇలాంటిది కనబడితే వెంటనే కోసి పారెయ్యమని నిన్ననే ఒక హాలునిండా జనానికి చెప్పి వచ్చినవాణ్ణి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాను. పక్కనే, పటాల కింద మూలన, ఒక కొత్త చేతికర్ర ఆనించి ఉంది. డాక్టరు వాడమన్నాడట. మావ దాన్ని ముట్టుకోడట. ఏం మావా అంటే, అదే జాలి చూపు.

"కర్ర అట్టుకుంటే కాలు పడిపోడానికి సిద్ధవైపోద్దిరా అల్లుడూ."

అత్త చేతిలో గరిటె ఆగింది. జుట్టు తెల్లబడింది గానీ గొంతు అదే. "నువ్వు దేశాలన్నీ తిరిగి సెప్తావట కదా," అంది. "నువ్వేటి సేసుకుంటావో నాకు తెల్దు. మీ మావ సేతికి ఆ కర్ర అట్టించాల."

ఆ పాత కుర్రాడయితే ఈపాటికి ఏదో మెరుపులాంటి ఆలోచన చేసి ఉండేవాడు. నేను కర్ర వైపు చూశాను. దాని పిడికి అప్పటికే ఎవరో బొట్టు పెట్టారు. నా చేతులు వాటంతట అవే కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాయి.

"హోబే అత్తా," అన్నాను. "హోబే."